బెల్టు చివరి మూర

జూన్ 1, ఆదివారం, సాయంత్రం

కారు వచ్చింది. నా కారు.  

మధ్యాహ్నం అంగట్లో కనకాంబరాలు కడుతూ కూర్చున్నాను. తిరుచానూరులో ఆదివారం రద్దీ, తలెత్తే తీరిక లేదు. అంగడి ముందు ఒక తెల్ల కారు ఆగి ఒకటే హారన్ కొడుతోంది. భక్తులెవరో పార్కింగ్ దొరక్క నిలిపారనుకుని, బాబూ ముందుకు పోనీ అని చెయ్యి ఊపాను. అద్దం దిగింది. లోపల మా మునిశేఖర్! దిగి వచ్చి, నా చేతిలోంచి దారం లాగేసి తాళం పెట్టాడు. "నీకే నాయనా," అన్నాడు. అంతే. ఆ రెండు మాటలే.

ఆ తాళం పట్టుకుని అంగట్లోనే ఏడ్చేశాను. పక్క అంగడి శకుంతలమ్మ వచ్చి, ఏడుస్తావెందుకన్నా, కొడుకు కారు తెచ్చినాడా, నిన్ను కొట్టినాడా అని వేళాకోళం చేసింది.

సెకండ్ హ్యాండే. ఐతేనేం. మద్రాసులో ఎవరో బ్యాంకు ఆఫీసరుదట. అక్కడి నంబరు మార్పించి, మన ఆంధ్ర నంబరు వేయించి, ఆర్సీ నా పేరున రాయించాడు. రెండు నెలల కిందట నా ఆధార్ కార్డు తీసుకుని, ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఏదో ఇన్సూరెన్స్ అన్నాడు. ఇదన్నమాట! సర్‌ప్రైజ్ అంట. తిరుపతిలో కార్ల కన్సల్టెన్సీలో పనిచేసేవాడికి కారు మంచిచెడ్డలు ఎవరు చెప్పాలి?

పాతికేళ్లు పుత్తూరు తోటల నుంచి పూల వ్యాను నడిపాను. అది ఓనరు వ్యాను. ఇది నాది.

జూన్ 5, గురువారం

అలిపిరిలో పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. గుమ్మడికాయ నేనే కొట్టాను. పసుపు కుంకుమలు బానెట్టుకు, డోర్లకు, స్టీరింగుకు, గేర్ కడ్డీకి, చివరికి బెల్టు బకిల్స్‌కు కూడా పూశాను. పూజారి నవ్వి, పెద్దాయనా, కారుకు పెళ్లి చేస్తున్నావా అన్నాడు. చేస్తా స్వామీ, పెళ్లికూతురే కదా అన్నాను.

బానెట్టుకు చామంతి దండ ఇంట్లోనే కట్టాను. ఒక్క రెక్క వాడింది పెట్టలేదు. మునిశేఖర్ నన్ను కారు పక్కన నిలబెట్టి ఎన్ని ఫోటోలు తీశాడో. నవ్వు నాయనా, ఇంకొంచెం నవ్వు, చెయ్యి కారు మీద వెయ్యి అంటూనే ఉన్నాడు. నవ్వమని చెప్పాలా నాకు?

మా ఆవిడ జ్ఞానాంబ ముందు సీట్లో కూర్చోనంటే కూర్చోను అంది. అద్దం తన మీదికి వస్తున్నట్టు ఉంటుందట. వెనక సీట్లో మహారాణిలా కూర్చుని, కాళ్లు ముడుచుకుంది.

జూన్ 9, సోమవారం

ఏసీ వేస్తే తడి గోనెసంచి వాసన వస్తోంది. జ్ఞానాంబకు తుమ్ములు ఆగడం లేదు. మునిశేఖర్‌కు ఫోన్ చేస్తే, పాత బండ్లన్నిటికీ ఉండేదే, వాడుతుంటే పోతుంది అన్నాడు. అద్దానికి రెండు మూరల మల్లెలు వేలాడదీశాను. ఇప్పుడు మల్లెలు, గోనెసంచి కలిపి వాసన వస్తున్నాయి. ఐనా బాగుంది.

ఎడమ అద్దం దానంతటదే సగం దిగుతుంది. నొక్కితే ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. గాలి కావాలని దానికీ ఉండదా.

జూన్ 10, మంగళవారం

హెడ్‌లైట్ లోపల నీటి చుక్కలు. తీర్థంలా మెరుస్తున్నాయి.

జూన్ 22, ఆదివారం

ఎప్పటిలాగే దండకు ఎస్తేరు వచ్చింది. చర్చి పీఠానికి ప్రతి ఆదివారం చామంతి దండ నా దగ్గరే. ఎన్నేళ్ల నుంచో లెక్క లేదు. గవర్నమెంటు నర్సమ్మగా చేసి రిటైరైంది. మా మునిశేఖర్‌ను లోకంలోకి తెచ్చింది ఆమె చేతులే. వాడు ఆమెను అత్తా అనే పిలుస్తాడు.

వెంట కూతురు రెబెకా కూడా వచ్చింది. రేణిగుంట ఫ్యాక్టరీలో పని. షిఫ్టు ముగిసే వేళకు షేర్ ఆటోలు దొరక్క రోడ్డు మీద నిలబడుతోందట. ఎస్తేరుకు అదే దిగులు. పిల్లకు లైసెన్స్ ఉంది, కారే లేదు.

రెబెకా తన ఫోన్లో ఒక ఫోటో చూపించింది. నేనే! అలిపిరిలో, దండ వేసిన కారు పక్కన, నోరంతా నవ్వు. కింద ఇంగ్లీషులో ఏదో ఉంది. నేను చదివింది ఏడో తరగతి. ఆ పిల్లే చదివి చెప్పింది. సింగిల్ ఓనర్, సీనియర్ సిటిజన్, టెంపుల్ యూజ్ ఓన్లీ. గుడికి తప్ప ఎక్కడికీ తీసుకుపోలేదని అర్థమట. నిజమే కదా. కొడుక్కు నా మీద ఎంత గర్వమో చూడండి, లోకానికంతా చూపిస్తున్నాడు అన్నాను.

రెబెకా ఆ ఇంగ్లీషును ఇంకోసారి చదువుకుని ఫోన్ సంచిలో వేసుకుంది. ఎస్తేరు మాత్రం, నీకిప్పుడు కాళ్లు నేల మీద ఆనవులే అన్నా, మూర తక్కువ వేస్తావేమో చూసుకోవాల అంది. పకపకా నవ్వుకున్నాం. నా మూర సంగతి తెలిసే కదా ఆ మాట. మోచేతి నుంచి నడివేలి కొస దాకా, ఆ మీద నాలుగు వేళ్లు కొసరు. మళ్లీ కొలిచి చూసుకున్నవాళ్లు ఈ వీధిలో లేరు.

జూలై 6, ఆదివారం

మునిశేఖర్ వచ్చాడు. ఈ కారు ఎత్తు తక్కువ, అమ్మ మోకాళ్లకు దిగడం ఎక్కడం కష్టం అన్నాడు. ఇది అమ్మేసి, కొంచెం ఎత్తుది చూస్తానన్నాడు. ఫోటో కూడా ఆన్‌లైన్లో పెట్టేశాడట. అందుకే అన్నమాట ఆ ఇంగ్లీషు. ఐతే గర్వం కాదా? గర్వమూ ఉండొచ్చులే.

కొంచెం దిగులేసింది. నెలకే ప్రాణం పెట్టేశాను దాని మీద. కానీ అమ్మ మోకాళ్ల గురించి ఆలోచించే కొడుకులు ఎందరున్నారు?

అప్పుడు నాకే మెరిసింది. ఎవరికో ఎందుకురా, మన ఎస్తేరుకు ఇద్దాం, రెబెకాకు ఆటో బాధ తప్పుతుంది అన్నాను. వాడు కాఫీ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆపాడు. ఎస్తేరు అత్తకా అన్నాడు.  తర్వాత సరే అన్నాడు.

అంగడి కూడా మూయకుండా ఎస్తేరు ఇంటికి పరుగెత్తాను. కారు ఎంత బంగారమో చెప్పాను. ఎంత చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు, చాలా చెప్పాను.

జూలై 13, ఆదివారం, మధ్యాహ్నం

చర్చి అయ్యాక ఎస్తేరు కారు చూడ్డానికి వచ్చింది. రెబెకాకు డ్యూటీ, రాలేదు. మెకానిక్కు చూపించమ్మా, నీ తృప్తి కోసం అని మాటవరసకు అన్నాను. ఆమె నన్ను అదో రకంగా చూసింది.

"మూర కొలిసే నీ చెయ్యి ఇచ్చే బండి అన్నా ఇది. దీనికి మెకానిక్కు ఎందుకు?" అంది.

ఛాతీ ఇంత పొంగింది నాకు.

ముందు సీట్లో కూర్చుంది. మనిషి భారీ. బెల్టు పెట్టుకోవడానికి లాగుతూనే ఉంది. నేను బక్కవాణ్ణి, నా వైపు బెల్టు జానెడు లాగితే చాలు. జ్ఞానాంబ ముందు కూర్చోదు. ఆ ఎడమ బెల్టు పూర్తిగా బయటికి రావడం అదే మొదటిసారి. లాగుతూ లాగుతూ చివరి మూర వచ్చింది. దాని మీద మట్టి రంగు చార. అడ్డంగా, గీత గీసినట్టు. గీతకు అవతల బెల్టంతా బూడిద రంగు.

ఎస్తేరు చూసి నవ్వింది. "బెల్టుక్కూడా పసుపు పూసినావే అన్నా. దేవుడు ఈ కారును యాడికీ పోనియ్యడు," అంది.

నేనూ నవ్వాను.

రేణిగుంట రోడ్డు దాకా తిప్పి తెచ్చాను. ఆమె దారంతా మాట్లాడుతూనే ఉంది. నేనేం జవాబులు చెప్పానో తెలీదు.

అదే రోజు, సాయంత్రం

పసుపు ఎలా ఉంటుందో పూలవాడికి చెప్పాలా? పూలబుట్ట మీద కప్పే తడిగుడ్డతో ఆ బెల్టు తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. వాసన చూశాను. ఏసీలో వచ్చేదే. నెల రోజులుగా మల్లెలు కట్టి దాచింది ఈ వాసననే.

నా వైపు బెల్టు లాగాను. దానికీ అదే ఎత్తులో గీత. వెనకవాటికీ. నాలుగూ ఒకే ఎత్తులో. కింద మ్యాట్ ఎత్తాను. సీటు పట్టాలు తుప్పుపట్టి ఉన్నాయి. కార్పెట్ కింద చెయ్యి పెడితే గోరు నిండా సన్న ఒండ్రు వచ్చింది, ఏటి పక్క తోటల్లో ఉండే ఒండ్రు.

ఈ కారు సీట్ల పైదాకా నీళ్లల్లో నిలిచింది. మద్రాసు తుఫాను రోజుల్లో టీవీలో చూపించారు, వీధుల్లో కార్లు కాగితం పడవల్లా తేలడం. పాపం ఎవరివో అనుకున్నాను.

మునిశేఖర్‌కు తెలియదు. తెలిసుండదు. బ్యాంకు ఆఫీసరు వాణ్ణి మోసం చేసుంటాడు.

జూలై 14, సోమవారం

కాఫీ గ్లాసు ఎందుకు ఆపాడు?

జూలై 15, మంగళవారం

పిలిపించాను. బెల్టు లాగి చూపించాను. ఆ ఆఫీసరు నిన్ను ముంచాడు నాయనా అని నేనే మొదలుపెట్టాను. వాడికి ఒక దారి ఇద్దామనే. అవును అంటే చాలు, నమ్మేసేవాణ్ణి.

వాడు అనలేదు. ఆఫీసరూ లేడు, ఎవరూ లేరట. మునిగిన బండ్లను ఒకేచోట పెట్టి అమ్మితే, చవగ్గా వస్తుందని వాడే తీసుకున్నాడట. కడిగించాడు, సీటు కవర్లు మార్పించాడు. అమ్మబోతే ఒక్కరూ ముందుకు రాలేదట. మద్రాసు నంబరు చూడగానే బెల్టులు లాగి చూస్తున్నారట. అదంతా, నేను పూలధర చెప్పినట్టు, మామూలుగా చెప్పాడు.

మరి నాకెందుకు ఇచ్చావురా అన్నాను. ఆ జవాబు వాడి నోటి మాటల్లోనే రాస్తాను.

"నీ అంగట్లో పూలు కొనేవాళ్లు మూర మళ్లీ కొలిసి సూస్తారా నాయనా? సూడరు కదా. నీ పేరు మింద బండి ఉంటే బెల్టు ఎవురూ లాగి సూడరు. అంతే. నీకేం నష్టం లేదు దీంట్లో."

అంతేనట.

అంటే దండ కూడా అందుకే. ఫోటో అందుకే. నవ్వు నాయనా, ఇంకొంచెం నవ్వు అన్నది అందుకే. శకుంతలమ్మ ముందు ఏడ్చానే, ఆ ఏడుపూ వాడికి ఉపయోగపడింది. మద్రాసు బురదను నా నవ్వుతో కడిగించాడు.

అది ఎస్తేరు అత్తరా, నీకు బొడ్డు కోసిన మనిషిరా అన్నాను. వాడేమో, నేను ఆమె పేరు చెప్పలేదే, నువ్వే కదా తెచ్చింది, గమ్మునుండు నాయనా, ఈ లోకంలో లోపం లేని బండి ఎవరిదుంది అన్నాడు.

నిజం. నేనే తెచ్చాను.

జూలై 17, గురువారం

జ్ఞానాంబ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. తప్పు చేశాడు సరే, ఎస్తేరుకు మాత్రం చెప్పొద్దు, కారు అమ్మడం లేదని ఏదో సాకు చెప్పెయ్యి, వాడి పరువు పోతే కోడలు నవీన ఈ ఇంటి గడప తొక్కదు అంటోంది. బతిమాలింది. నా కాళ్లు పట్టుకోబోయింది కూడా.

నాకూ అదే మంచిదనిపించింది. ఎస్తేరుకు ఫోన్ చేశాను. కారు మీద మమకారం వదలడం లేదమ్మా, అమ్మలేను అన్నాను. ఆమె నవ్వి, నాకు తెలుసన్నా నీ సంగతి అంది. ఏం పరవాలేదు, మునిశేఖరే ఇంకోటి చూసిపెడతాడు, మా అల్లుడు ఉండగా నాకేం భయం అంది.

ఫోన్ పెట్టేశాక అంగట్లోనే కూర్చుండిపోయాను. సాకు చెప్పి నేను కాపాడింది ఎవరిని?

జూలై 18, శుక్రవారం

చెప్పేశాను.

ఎస్తేరు వంటింటి గడప మీద కూర్చుని మునగాకు దూస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కుర్చీ వేసుకోమంది, వద్దన్నాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సాకు సంగతి కూడా. ఆమె ఆకు దూయడం ఆపలేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"నేను బెల్టు లాగినప్పుడే తెలిసిందా అన్నా నీకు?"

తెలిసింది అన్నాను.

"పసుపని నేనంటే, నవ్వినావే."

రాలిన మునగాకు రెండు ఏరి ఆమె ముందు పెట్టాను. 

వాడు చెడ్డదారి పట్టాడంటే ఆమె తట్టుకుంది. నేను నవ్వానంటే తట్టుకోలేదు. మునగ కాడలన్నీ ఏరి పక్కన పెట్టాక నెమ్మదిగా అంది, "పుట్టినప్పుడు వాడు ఏడవలేదన్నా. కాళ్లు పట్టి తలకిందులు చేసి, వీపు మింద రెండు దెబ్బలు ఏసినా. అప్పుడు ఏడ్సినాడు. ఇంకొకటి ఏసుండాల్సింది."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. రెబెకా రేణిగుంట రోడ్డు మీద, షిఫ్టు నుంచి ఒక్కతే వస్తుంటే ఈ బండి ఆగిపోతే అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసింది. మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చాను.

జూలై 20, ఆదివారం

ఎస్తేరు రాలేదు. రెబెకా వచ్చింది. చామంతి దండ కొలిచి ఇచ్చాను. పెద్దనాయనా బాగుండావా అని అడుగుతూనే ఆ దండను తన మోచేతికి ఆనించి, వేళ్ల దాకా పరిచి, మళ్లీ కొలుచుకుంది. కావాలని చేసింది కాదు. చెయ్యి దానంతటదే చేసింది.

సరిపోయింది. కొసరు వెయ్యడం నేను మరిచిపోయాను. ఆ పిల్లా అడగలేదు.

జూలై 27, ఆదివారం

మునిశేఖర్ వచ్చాడు. ఎస్తేరు అత్త ఫోన్ ఎత్తడం లేదట. నేను పరువు తీశానట. ఐనా పరవాలేదు, చిత్తూరులో ఇంకొకరు దొరికారు, ఫోటో చూసే ఒప్పుకున్నారు, నువ్వు సంతకం పెడితే చాలు అన్నాడు. ఎవరురా అన్నాను. ఎవరో స్కూలు టీచరు, నీకు తెలియని మనిషేలే అన్నాడు.

తెలియని మనిషేలే. ఆ మాట నన్ను ఊరడించడానికి అన్నాడు.

లేచి, ఇంటికి తెచ్చిన అంగడి పెట్టెలోంచి పూలు కత్తిరించే బ్లేడు తీసుకున్నాను. కారు తలుపు తెరిచి, ఎడమ బెల్టు పూర్తిగా బయటికి లాగాను. మోచేతికి ఆనించి ఒక మూర కొలిచాను. నాలుగు వేళ్లు కొసరు కూడా వదిలాను. గట్టి బెల్టు, తెగడానికి సమయం పట్టింది. వాడు గడప దగ్గర్నుంచే చూస్తున్నాడు.

"ఏం సేస్తావుండావు నాయనా. ఇంక ఆ బండికి రేటే రాదు," అన్నాడు.

మిగిలిన మూడూ కోశాను. సంతకం నాది, ఆర్సీ నా పేరున ఉంది, నువ్వే రాయించావు అన్నాను. ఈ బండి ఈ వాకిట్లోనే మట్టి అవుతుంది అన్నాను. వాడు బైక్ ఎక్కి వెళ్లిపోయాడు. జ్ఞానాంబ లోపల తలుపు వేసుకుంది.

నన్ను వాడు కొట్టినా ఇంత అనిపించేది కాదు. నాకు సంతోషాన్ని ఇచ్చి, కారు ఇచ్చింది నా సంతోషం కోసం కాదని చెప్పాడు. ఆ జూన్ ఒకటో తేదీ ఇప్పుడు నాది కాదు.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

అంగడి నిండా జనం. మల్లెలు, కనకాంబరాలు, మరువం దండల వరుసలో చివరి కొక్కేనికి ఆ బెల్టు ముక్క వేలాడదీశాను. మట్టి గీత రోడ్డు వైపు ఉండేటట్టు.

అందరికీ పూలు వాళ్ల చేతికే ఇచ్చి, కొలుచుకోండమ్మా అంటున్నాను. కొందరు నవ్వారు. కొందరు కొలుచుకున్నారు.

సాయంత్రం మునిశేఖర్ అంగడి ముందు బైక్ ఆపాడు. కొక్కెం వైపు చూశాడు. అప్పుడే ఎవరో కొత్త ఆమె, ఊరికి వచ్చిన భక్తురాలు, ఆ ముక్కను పట్టుకుని ఇదేం పువ్వు స్వామీ, మూర ఎంత అని అడిగింది.

అది అమ్మేది కాదు తల్లీ అన్నాను, వాడికి వినబడేటట్టు.